ఒంట్లో నలతగా ఉన్న రోజు పందెం

జగదల్‌పూర్‌లో మా బడిలో తెలుగు మాట్లాడే పిల్లలం మొన్నటిదాకా ఆరుగురం. ఒకరి నాన్నగారు రైల్వేలో, ఒకరి అమ్మగారు బ్యాంకులో, ఇద్దరి నాన్నగార్లు సీఆర్‌పీఎఫ్‌లో, మిగిలిన ఇద్దరి నాన్నగార్లు నగర్నార్ ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారు. ఇప్పుడు ఐదుగురమే ఉన్నాం. ఆరో మిత్రుడి నాన్నగారికి బదిలీ అయింది. ఈ వ్యాసం వాడి అనుమతితోనే రాస్తున్నాం. పేరు మాత్రం రాయొద్దన్నాడు.

బదిలీ ఉద్యోగుల పిల్లలకు ఒక సంగతి వివరించి చెప్పక్కర్లేదు. మిగతా పిల్లలు "వచ్చే ఏడు చూద్దాంలే" అంటారు. మనం అనలేం. వచ్చే ఏడు ఏ ఊళ్లో ఉంటామో మనకే తెలియదు. అందుకే ఆటల పోటీ అయినా, నాటకం అయినా, విహారయాత్ర అయినా ఇదే చివరి అవకాశం అన్నట్టు పట్టుకుంటాం. ఆ రోజు ఒంట్లో నలతగా ఉన్నా సరే, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతాం.

గత ఫిబ్రవరిలో మేం కొందరం సైకిళ్ల మీద చిత్రకోట్ జలపాతానికి వెళ్లి రావాలనుకున్నాం. జగదల్‌పూర్ నుంచి అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు. రానూపోనూ 80. మాతో ఇద్దరు పెద్దవాళ్లు, వెనక ఒక జీపు. ఆదివారం ఉదయం ఆరింటికి బయలుదేరాలి. మా మిత్రుడి నాన్నగారి బదిలీ ఉత్తర్వు అప్పటికే వచ్చేసింది. మార్చి పరీక్షలవగానే వాళ్లు వెళ్లిపోతారు.

గురువారం సాయంత్రం వాడికి చలి పుట్టి జ్వరం వచ్చింది. శుక్రవారం లేదు, బడికి కూడా వచ్చాడు. శనివారం సాయంత్రం మళ్లీ వచ్చింది. వాళ్లమ్మగారు మాత్ర ఇచ్చారు, రాత్రికి చెమట పట్టి తగ్గిపోయింది. ఆదివారం తెల్లవారుజామున వాడు మా అందరికంటే ముందే సైకిలుతో గేటు దగ్గర ఉన్నాడు. "జ్వరం పోయింది రా, చూడు" అని చెయ్యి చాపాడు. పట్టుకుని చూశాం, చల్లగానే ఉంది. "సార్‌కి చెప్పొద్దు, ఒట్టు" అన్నాడు. మేం ఒట్టు పెట్టాం.

పద్దెనిమిదో కిలోమీటరు దాటాక వాడు వెనకబడ్డాడు. ఇరవై దాటాక సైకిలుతో సహా రోడ్డు పక్కకు ఒరిగిపోయాడు. కళ్లు తిరిగాయన్నాడు. పెదవులు పాలిపోయి ఉన్నాయి. జీపులో వెనక్కి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తే మలేరియా అని తేలింది. సమయానికి మందు పడింది, కోలుకున్నాడు. కానీ ఆస్పత్రిలో డాక్టరుగారు మా వైపు తిరిగి, "మీలో ఎవరికైనా ముందే తెలుసా?" అని అడిగినప్పుడు మేం తలలు వంచుకున్నాం.

ఆ తర్వాత మేం ఈ విషయం గురించి చదివాం, డాక్టరుగారిని, మా వ్యాయామ ఉపాధ్యాయుణ్ని అడిగాం. ఒంట్లో బాగాలేనప్పుడు దూరపు పరుగులు, సైకిలు యాత్రలు చేస్తే ఏమవుతుంది? ఎప్పుడు పరవాలేదు, ఎప్పుడు కూడదు? తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

మెడ దగ్గర ఒక గీత

క్రీడా వైద్యులు చాలాకాలంగా చెప్పే సులువైన లెక్క ఒకటుంది. మెడ దగ్గర ఒక గీత ఉన్నట్టు ఊహించుకోవాలి. బాధ అంతా ఆ గీతకు పైనే ఉంటే, అంటే ముక్కు కారడం, తుమ్ములు, గొంతులో కాస్త గరగర మాత్రమే ఉంటే, తేలికపాటి వ్యాయామం చేయవచ్చు. ముందు పది నిమిషాలు నెమ్మదిగా మొదలుపెట్టి చూడాలి. హాయిగా అనిపిస్తే కొనసాగించవచ్చు, బరువుగా అనిపిస్తే ఆపేయాలి.

బాధ గీతకు కింద ఉంటే వ్యాయామం వద్దు. ఛాతీలోంచి వచ్చే దగ్గు, ఆయాసం, ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు ఈ జాబితాలో ఉంటాయి. జ్వరం ఉంటే ఇక గీతతో పనే లేదు. జ్వరం ఉన్నవాడు పరుగెత్తకూడదు, అంతే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ లెక్క రోజూ చేసే తేలిక వ్యాయామానికి చెప్పింది. పందేనికి చెప్పింది కాదు. ఇంటి చుట్టూ రెండు కిలోమీటర్లు నెమ్మదిగా పరుగెత్తేటప్పుడు బాగాలేదనిపిస్తే మనంతట మనమే ఆగిపోతాం. పందెంలో అలా ఆగం. పక్కన చప్పట్లు కొడుతుంటారు, ముందు మిత్రుడి వీపు కనిపిస్తుంటుంది, ఛాతీ మీద నంబరు ఉంటుంది. శరీరం "ఆగు" అని చెప్పే మాట ఆ హోరులో వినపడదు. కాబట్టి పందెం రోజున ఈ గీతను ఇంకా కచ్చితంగా పాటించాలి.

జ్వరంలో పరుగెడితే లోపల జరిగేది

మనం పరుగెత్తేటప్పుడు కండరాలు తిన్న ఆహారంలోని శక్తినంతా కదలికగా మార్చలేవు. నాలుగింట మూడు వంతులకు పైగా వేడిగానే బయటపడుతుంది. ఆ వేడిని వదిలించుకోవడానికి గుండె ఎక్కువ రక్తాన్ని చర్మం వైపు పంపుతుంది, చెమట పడుతుంది, చెమట ఆరినప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. అంటే గుండె ఒకేసారి రెండు పనులు చేస్తుంటుంది. కండరాలకు రక్తం అందించాలి, చర్మానికీ అందించాలి.

జ్వరం వచ్చినప్పుడు మెదడు ఒంటి వేడిని కావాలనే పెంచుతుంది. లోపలికి వచ్చిన క్రిములతో పోరాడటానికి అదొక ఏర్పాటు. ఒక డిగ్రీ సెల్సియస్ జ్వరం పెరిగితే గుండె నిమిషానికి సుమారు 10 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. పడుకుని ఉన్నప్పుడే ఇంత పని. దీనికి తోడు పరుగు వేడి, ఎండ వేడి కలిస్తే ఒంటి ఉష్ణోగ్రత అదుపు తప్పుతుంది. దాన్నే వడదెబ్బ అంటాం. వడదెబ్బ ముదిరితే మెదడు, మూత్రపిండాలు, కాలేయం అన్నీ దెబ్బతింటాయి. బస్తర్‌లో ఫిబ్రవరి తెల్లవారుజామున చలిగా ఉన్నా, తొమ్మిదయ్యేసరికి ఎండ చురుక్కుమంటుంది. ఉదయం చలిని చూసి మోసపోకూడదు.

రెండో ప్రమాదం గుండెకే. కొన్ని వైరస్ జ్వరాల్లో వైరస్ గుండె కండరానికి కూడా సోకి వాపు తెస్తుంది. విశ్రాంతి తీసుకుంటే చాలామందిలో తగ్గిపోతుంది. కానీ ఆ వాపు ఉన్నప్పుడు తీవ్రంగా శ్రమిస్తే గుండె లయ తప్పవచ్చు. ఆరోగ్యంగా కనిపించే కుర్రవాళ్లు ఆటస్థలంలో హఠాత్తుగా పడిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

మూడోది నీరు, ఉప్పు. విరేచనాలు పట్టిన మర్నాడు కడుపు నెమ్మదించినా ఒంట్లో నీళ్లు, లవణాలు ఇంకా తిరిగి నిండి ఉండవు. పైగా మన ఇళ్లలో "లంఖణం పరమౌషధం" అని జ్వరం వస్తే పస్తు ఉంచే అలవాటు ఉంది. రెండు రోజులు జావ తాగి గడిపిన ఒంట్లో కండరాలకు నిల్వ ఇంధనం ఏముంటుంది? జ్వరం తగ్గడం వేరు, బలం తిరిగి రావడం వేరు.

మరి మాత్ర వేసుకుంటే? జ్వరం మాత్ర వేడిని తగ్గిస్తుంది, జబ్బును తగ్గించదు. ఇంట్లో నిప్పు అంటుకుంటే అలారం తీగ కోసేసినట్టే ఇది. అలారం మోగదు, నిప్పు మాత్రం ఉంటుంది. నొప్పి మాత్రలతో ఇంకో చిక్కుంది. ఒంట్లో నీరు తగ్గిన సమయంలో ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు వేసుకుని గంటల తరబడి పరుగెత్తితే మూత్రపిండాల మీద భారం పడుతుంది. పందెం కోసమని మాత్ర వేసుకోవాల్సి వస్తోందంటే ఆ రోజు పందెం మనది కాదని అర్థం.

బస్తర్‌లో ఆ గీత ఎందుకు చాలదు

ఇప్పుడు మా మిత్రుడి సంగతికి వద్దాం. ఆదివారం ఉదయం వాడికి మెడ పైన బాధ లేదు, మెడ కింద బాధ లేదు, జ్వరం లేదు. మెడ లెక్క ప్రకారం చూస్తే వాడు పూర్తిగా క్షేమం. అయినా పడిపోయాడు. ఎందుకు?

మన పెద్దవాళ్లు చలిజ్వరం అనీ, మన్యం జ్వరం అనీ పిలిచే మలేరియా తీరే వేరు. దోమ కుట్టినప్పుడు లోపలికి చేరిన పరాన్నజీవి మొదట కాలేయంలో పెరుగుతుంది. తర్వాత రక్తంలోకి వచ్చి ఎర్రకణాల్లో దూరుతుంది. అక్కడ పిల్లలు పెట్టి, కణాలను పగలగొట్టుకుని ఒకేసారి గుంపుగా బయటకు వస్తుంది. ఆ పగిలినప్పుడే మనకు వణుకు, జ్వరం. ముందు చలి, తర్వాత మంటలాంటి వేడి, చివరికి ఒళ్లంతా చెమట. చెమట పట్టగానే జ్వరం దిగిపోతుంది, తేలికగా అనిపిస్తుంది. బయటకు వచ్చిన పరాన్నజీవులు కొత్త ఎర్రకణాల్లో దూరి మళ్లీ పెరుగుతాయి. వైవాక్స్ రకంలో ఈ చక్రానికి సుమారు 48 గంటలు పడుతుంది. అందుకే రోజు విడిచి రోజు జ్వరం. గురువారం, శనివారం, సోమవారం.

మధ్యలో వచ్చిన ఆదివారం ఆరోగ్యం కాదు, విరామం మాత్రమే. ఆ రోజున కూడా ఎర్రకణాలు పోతూనే ఉంటాయి. ఎర్రకణాలే కండరాలకు ప్రాణవాయువును మోసేవి. అవి తగ్గితే మెట్లెక్కేటప్పుడు పెద్దగా తెలియకపోవచ్చు. ఇరవై కిలోమీటర్లు సైకిలు తొక్కేటప్పుడు తెలుస్తుంది.

బస్తర్‌లో ఎక్కువగా కనిపించేది ఫాల్సిపేరం అనే రకం. అందులో జ్వరం ఇంత లెక్కగా రాదు, ఎప్పుడైనా రావచ్చు, పోవచ్చు. మెదడుకు ఎక్కి ప్రాణం మీదికి తెచ్చేది కూడా ఆ రకమే. కాబట్టి "రోజు విడిచి రోజు రాలేదు కదా, మలేరియా కాదులే" అని మనమే తీర్పు చెప్పుకోకూడదు.

ఇంకో సంగతి. మలేరియాలో ప్లీహం వాస్తుంది. మన ఊళ్లలో దాన్ని కడుపులో బల్ల పెరిగింది అంటారు. ఎడమ డొక్కలో పక్కటెముకల చాటున ఉండే ఈ అవయవం వాచి కిందికి దిగినప్పుడు చిన్న దెబ్బకే చిట్లే ప్రమాదం ఉంది. సైకిలు మీంచి పడి హ్యాండిల్ డొక్కలో గుచ్చుకుంటే చాలు. మా మిత్రుడు పక్కకు ఒరిగినప్పుడు గడ్డి మీద పడ్డాడు. దాన్ని మేం ఇప్పటికీ అదృష్టమనే అనుకుంటాం.

అందువల్ల ఇక్కడ పందెం ముందు అడగాల్సిన ప్రశ్న "ఈ పూట ఎలా ఉంది?" కాదు. "ఈ వారం ఎలా ఉంది?" అని అడగాలి. వారంలో ఒక్కసారైనా చలి పుట్టి జ్వరం వచ్చి ఉంటే, ఈ పూట ఎంత బాగున్నా ముందు రక్తపరీక్ష, తర్వాతే పందెం.

ఆ పరీక్షకు పెద్ద ఆస్పత్రికే వెళ్లాలని లేదు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో మితానిన్ అని పిలిచే ఆరోగ్య కార్యకర్తలు ఉంటారు. దేశమంతా ఆశా కార్యకర్తలు రాకముందే, 2002లో ఇక్కడ ఈ పథకం మొదలైంది. వాళ్ల దగ్గర చిన్న పరీక్ష కిట్ ఉంటుంది. వేలి చివర సూదితో గుచ్చి ఒక చుక్క రక్తం తీస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. 2020 జనవరిలో మొదలైన మలేరియా ముక్త బస్తర్ అభియాన్‌లో ఇలాగే ఇంటింటికీ తిరిగి, జ్వరం ఉన్నవాళ్లకే కాకుండా అందరికీ పరీక్ష చేశారు. జ్వరం ఏమీ లేనివాళ్లలో కూడా మలేరియా బయటపడింది.

తెలుగువాళ్లుగా మనకు ఇంకో జ్ఞాపకం ఉండాలి. ఈ పరాన్నజీవి దోమలో ఉంటుందని రోనాల్డ్ రాస్ కనుక్కున్నది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. దానికి ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పుడు ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నారు.

"వాళ్లు పరుగెడుతున్నారు కదా!"

బస్తర్ పరుగు ఇష్టపడే నేల. నారాయణ్‌పూర్ నుంచి బాసింగ్ వరకు 21 కిలోమీటర్ల అబూజ్‌మాడ్ శాంతి హాఫ్ మారథాన్ జరుగుతుంది. 2024లో బస్తర్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. అడవి గ్రామాల పిల్లలు కొందరు బూట్లు కూడా లేకుండా అలవోకగా పరుగెడతారు. "వాళ్లకి మాత్రం జ్వరాలు రావా? వాళ్లు ఆగుతున్నారా?" అని మనకు అనిపిస్తుంది.

దీనికి డాక్టరుగారు చెప్పిన జవాబు మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. మలేరియా ఉన్న చోట పుట్టి, చిన్నప్పటి నుంచి మళ్లీమళ్లీ సోకిన వాళ్ల శరీరం దానికి కొంత అలవాటు పడుతుంది. జ్వరం అంత తీవ్రంగా రాదు. మనలాగా విశాఖపట్నం నుంచో, ఢిల్లీ నుంచో బదిలీ మీద వచ్చినవాళ్లకు ఆ రక్షణ లేదు. అదే దోమ, అదే పరాన్నజీవి, మనకు మాత్రం జబ్బు గట్టిగా వస్తుంది. అలాగని వాళ్లకు నష్టం లేదనుకోవడమూ పొరపాటే. జ్వరం లేకుండా లోపలే ఉండిపోయిన మలేరియా వాళ్లలో రక్తం తగ్గిస్తూ ఉంటుంది. వాళ్లూ పరీక్ష చేయించుకోవాల్సిందే.

ఇక్కడి ప్రజల్లో సికిల్ సెల్ లక్షణం ఉన్నవాళ్లు కూడా ఎక్కువే. ఆ లక్షణం తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క వైపు నుంచే వచ్చినవాళ్లు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, ఆటలు ఆడతారు. కానీ ఎండలో, నీళ్లు తాగకుండా, శక్తికి మించి శ్రమిస్తే కొందరిలో ఎర్రకణాలు కొడవలిలా వంకర తిరిగి ప్రమాదం తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్షలు చేస్తున్నారు. మనకు ఆ లక్షణం ఉందో లేదో తెలుసుకుని, ఉంటే వ్యాయామ ఉపాధ్యాయుడికి చెప్పాలి. అది ఆటలు మానడానికి కాదు, జాగ్రత్తగా ఆడటానికి.

ఎవరి ఒంటి లెక్క వారిదే. పక్కవాడి పరుగును చూసి మన ఆరోగ్యం కొలుచుకోకూడదు.

ఆగనివాడు, ఆగినావిడ

ప్రపంచ క్రీడా చరిత్రలోని రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

1954 ఆగస్టులో కెనడాలోని వాంకూవర్‌లో ఎంపైర్, కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. మారథాన్‌లో ఇంగ్లండ్ పరుగువీరుడు జిమ్ పీటర్స్ మండుటెండలో అందరికంటే సుమారు 17 నిమిషాలు ముందుగా స్టేడియంలోకి వచ్చాడు. నడిచినా గెలిచేవాడే. కానీ అప్పటికే వడదెబ్బ తగిలింది. పడుతూ లేస్తూ, మళ్లీ పడుతూ, పదకొండు నిమిషాల్లో రెండు వందల మీటర్లు కూడా సరిగా సాగలేకపోయాడు. గీత దాటకముందే కుప్పకూలాడు. ఆస్పత్రికి తీసుకెళ్లారు, బతికాడు. మళ్లీ ఏ పందెంలోనూ పరుగెత్తలేదు. అప్పట్లో మారథాన్‌లో ప్రపంచంలోకెల్లా మేటి సమయం ఆయనదే.

2004 ఆగస్టులో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు చెందిన పౌలా రాడ్‌క్లిఫ్ బంగారు పతకం గెలుస్తుందని అందరూ అనుకున్నారు. పందేనికి ముందు కాలికి దెబ్బ, దానికి వాడిన మందుల వల్ల కడుపు పాడై తిన్నది ఒంటికి పట్టలేదు. సుమారు 36 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది. రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ దృశ్యం ప్రపంచమంతా చూసింది, కొందరు విమర్శించారు కూడా. సరిగ్గా 77 రోజుల తర్వాత, నవంబర్ 7న ఆమె న్యూయార్క్ మారథాన్ గెలిచింది.

దూరపు సైకిలు యాత్రల్లోనూ ఇంతే. బ్రెవే అనే యాత్రల్లో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. వాటిలో పెద్దది ఫ్రాన్స్‌లోని పారిస్-బ్రెస్ట్-పారిస్, సుమారు 1200 కిలోమీటర్లు, 90 గంటలు. మన దేశం నుంచి కూడా వెళ్లి పాల్గొంటున్నారు. మధ్యలో ఆగినవాళ్ల పేరు పక్కన డీఎన్ఎఫ్, అంటే పూర్తి చేయలేదు అని రాస్తారు. అనుభవం ఉన్న సైకిలు యాత్రికుల్లో చాలామంది ఖాతాలో ఒకటో రెండో డీఎన్ఎఫ్‌లు ఉంటాయి. దాన్ని వాళ్లు సిగ్గుగా అనుకోరు.

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలు" అని మన సామెత. పరుగు మానేయమని కాదు దాని అర్థం. పాలకోసం పరుగెత్తి కాలు విరగ్గొట్టుకుంటే నీళ్లు కూడా దక్కవని.

పందెం ముందు, పందెంలో

మేం ఇప్పుడు ఏ యాత్రకైనా ముందు రోజు సాయంత్రం కూర్చుని ఒకరినొకరు అయిదు ప్రశ్నలు అడుగుతున్నాం.

ఈ వారంలో జ్వరం గానీ, చలి గానీ వచ్చిందా? వాంతులు, విరేచనాలు అయ్యాయా? రెండు రోజులుగా సరిగా తిన్నావా, నిద్రపోయావా? ఏమైనా మాత్రలు వేసుకుంటున్నావా? పొద్దున లేవగానే నాడి ఎంత ఉంది?

చివరి ప్రశ్నకు కాస్త అభ్యాసం కావాలి. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఉదయం మంచం దిగకముందే మణికట్టు దగ్గర నాడి ఒక నిమిషం లెక్కపెట్టి రాసుకోవాలి. వారం రాస్తే మన మామూలు లెక్క తెలుస్తుంది. ఏదైనా ఉదయం అది పది దాకా ఎక్కువగా ఉంటే శరీరం లోపల ఏదో పనిలో ఉందని అనుకోవాలి. ఆ రోజు విశ్రాంతి.

పందెంలో ఈ సూచనలు కనిపిస్తే వెంటనే ఆగాలి: ఛాతీలో నొప్పి, మామూలుకు మించిన ఆయాసం, కళ్లు తిరగడం, ఎండలో కూడా చలి పుట్టడం, వాంతి, తూలడం. ఆ తర్వాత మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే డాక్టరుకు చూపించాలి. నీళ్లు దాహానికి తగినట్టు తాగాలి. భయంతో లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగినా ఒంట్లో ఉప్పు పలచబడి ప్రమాదమే.

పక్కవాళ్ల పని కూడా ఉంది. మిత్రుడు తడబడుతూ మాట్లాడుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నా, "బాగానే ఉన్నాను" అనే వాడి మాట నమ్మకూడదు. నీడకు చేర్చాలి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి, పెద్దవాళ్లను పిలవాలి, ఒంటరిగా వదలకూడదు. వడదెబ్బలో ముందు చల్లబరచడం, ఆ తర్వాతే తీసుకెళ్లడం.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు

జ్వరం తగ్గిన మర్నాడే మైదానంలోకి దిగకూడదు. ముందు మందుల కోర్సు పూర్తి కావాలి. ఆకలి తిరిగి రావాలి. మెట్లెక్కితే ఆయాసం రాకూడదు. ఉదయం నాడి మామూలు లెక్కకు రావాలి. అప్పుడు మొదట నడక, రెండు మూడు రోజులకు నెమ్మది పరుగు, అదీ బాగుంటే దూరం పెంచడం. మలేరియా తర్వాత డాక్టరు మళ్లీ రక్తపరీక్ష చేసి, డొక్క నొక్కి చూసి సరేనన్నాకే సైకిలు. మా మిత్రుడికి ఇలా సుమారు నెల పట్టింది.

బదిలీ అయి వెళ్లాక

ఇది మనలాంటి పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. వైవాక్స్ మలేరియాలో కొన్ని పరాన్నజీవులు కాలేయంలో నిద్రపోతాయి. వారాలు, నెలలు గడిచాక మేలుకుని మళ్లీ జ్వరం తెస్తాయి. అందుకే జ్వరం తగ్గినా 14 రోజుల పాటు ఇంకో మందు ఇస్తారు. సామాన్లు సర్దుకునే హడావిడిలో ఆ మందు మధ్యలో ఆగిపోతే జబ్బు కూడా మనతోపాటు బదిలీ అవుతుంది.

కొత్త ఊళ్లో డాక్టరుకు మలేరియా ఆలోచన రాకపోవచ్చు. అక్కడ అది అరుదు కావచ్చు. కాబట్టి ఎక్కడికి వెళ్లినా జ్వరం వస్తే "మేం ఫలానా నెల దాకా బస్తర్‌లో ఉన్నాం" అని మనమే చెప్పాలి. టీసీ, మార్కుల జాబితా ఉన్న ఫైలులోనే రక్తపరీక్ష కాగితాలు, వాడిన మందుల చీటీ కూడా పెట్టుకోవాలి. అలాగే కొత్త ఊరు చేరిన మొదటి వారాల్లో పోటీలకు తొందరపడకూడదు. అక్కడి ఎండకు, గాలికి, నీటికి ఒళ్లు అలవాటు పడాలి.

మేం పెట్టిన ఒట్టు

మా మిత్రుడు చిత్రకోట్‌కు సైకిలు మీద వెళ్లలేదు. పరీక్షలయ్యాక వాళ్లు వెళ్లిపోయారు. పందెం మళ్లీ వస్తుందిలే అని పుస్తకాల్లో రాసినంత తేలికగా మాకు రాయబుద్ధి కావడం లేదు. వాడికి ఆ యాత్ర మళ్లీ రాలేదు. అది నిజంగా నష్టమే. కానీ మేం శనివారం రాత్రే సార్‌కి చెప్పి ఉంటే? ఆదివారం వాడు జీపులో కూర్చుని మాతో వచ్చేవాడు, జలపాతం చూసేవాడు. లేదా పెద్దవాళ్లు యాత్రను పది రోజులు వాయిదా వేసేవారేమో. మేం దాచడం వల్ల ఆ దారి కూడా మూసుకుపోయింది.

ఛత్తీస్‌గఢ్‌లో ఇద్దరు స్నేహితులు పెద్దల ఎదుట మాట ఇచ్చుకుని జీవితాంతం కట్టుబడి ఉండే ఆచారం ఒకటుంది. అలాంటి స్నేహితురాలినే మితానిన్ అంటారు. ఊరి ఆరోగ్య కార్యకర్తకు ఆ పేరు ఎందుకు పెట్టారో మాకు ఇప్పుడు అర్థమవుతోంది. జ్వరం వచ్చిందా అని అడిగేది, వస్తే దాచకుండా చెప్పేది స్నేహితురాలే.

మా మిత్రుడు ఇప్పుడు ఇంకో రాష్ట్రంలో ఉన్నాడు. మొన్న ఫోను చేసి, వాళ్ల కొత్త బడిలో అయిదు కిలోమీటర్ల పరుగు ఉందన్నాడు. మేం ఐదుగురం ఒకేసారి అడిగాం, "ఈ వారం జ్వరం ఏమైనా వచ్చిందా?" అని. వాడు నవ్వాడు. "రాలేదు. ఒట్టు" అన్నాడు.